రంగు చెప్పేవాళ్ళు

ప్రియమైన అత్తకి,

నీ పిచ్చుక ఇప్పుడు నిజంగానే సోషల్ వర్కర్. మెడలో కార్డు కూడా వేశారు. అందులో నా ఫొటో చూస్తే పడీపడీ నవ్వుతావు, పోలీసులు వెతుకుతున్న మనిషిలా ఉన్నాను. ఫోను పలకని ఆ కొండ మీద, వాతావరణ కేంద్రంలో మబ్బులు చూసుకుంటూ కూర్చున్న నీకు ఈ కబురు సరుకుల వ్యాను ఎక్కి ఎప్పటికి చేరుతుందో ఏమో.

నన్ను పెద్దాసుపత్రిలో పసిపిల్లల వార్డుకి వేశారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు ఉంటారిక్కడ. మొదటిసారి లోపలికి వెళ్ళి నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాను. అత్తా, వాళ్ళకి గోళ్ళు కూడా ఉన్నాయి! బియ్యపు గింజలో సగం కూడా ఉండవు, అయినా ఎవరో తీరిగ్గా కూర్చుని చెక్కినట్టు పదింటికి పదీ ఉన్నాయి. ఇంత పెద్ద భవనం, ఇన్ని యంత్రాలు, ఇంతమంది మనుషులు, అంతా ఆ పిడికెడు ప్రాణాల చుట్టూ తిరుగుతోంది. నాకు గుడిలోకో కోర్టులోకో వచ్చినట్టు అనిపించింది.

ఈ వార్డుకి ఒక పెద్ద సిస్టర్ ఉంది. ఆవిడ అడుగు పెడితే డాక్టర్లు కూడా కుర్చీలో సర్దుకు కూర్చుంటారు. బిడ్డని ఎత్తి ఒక్క చూపు చూసి, "దీనికి సాయంత్రానికి జ్వరం వచ్చేలా ఉంది" అంటే వస్తుంది. నాకు ఆవిడంటే భక్తి, భయం రెండూ. ఆవిడకి మాత్రం నేను కిటికీ తెరలాంటిదాన్ని. నమస్కారం పెడితే తల కూడా తిప్పదు. మెయిల్ పంపితే జవాబుండదు. ఒకసారి మాత్రం, "ఏమ్మా ఆఫీసమ్మాయ్, దారికి అడ్డం లే" అంది. దాన్నే పలకరింపు అనుకుని సంతోషించాను.

నా మొదటి కేసు ఒక తల్లిది. ఆమె టెలిఫోన్ ఆపరేటర్. పుట్టుకతోనే చూపు లేదు. నేను మంచం దగ్గరికి వెళ్ళి ఇంకా నోరు విప్పకముందే, "కొత్త చెప్పులు. కొత్త ఉద్యోగమా?" అంది. భర్త సరుకు ఓడలో వంటవాడు, ఒప్పందం ముగిసి ఒడ్డుకి రావడానికి ఇంకా మూడు నెలలు పడుతుంది. రెండువైపులా పెద్దదిక్కు లేదు. పాప తూకం పెరిగింది, ఇంటికి పంపే వేళ అయింది. కానీ పంపడమా మానడమా అన్నది నెలాఖరున మీటింగులో తేలుస్తారు. డాక్టరు, పెద్ద సిస్టర్, ఇళ్ళకి తిరిగే నర్సు, మా ఆఫీసు మేడం, నేను ఉంటాం. వద్దంటే తండ్రి వచ్చేదాకా పాప శిశుగృహానికి వెళ్తుంది. మూడు నెలలు, అత్తా. ఆ వయసు బిడ్డకి అది జీవితమంతా కదా.

సిస్టర్ ససేమిరా అంటోంది. ఆవిడ కాదంటే డాక్టరు కాదంటాడు. అందుకే నాకో ఉపాయం తట్టింది. కాలేజీలో మా చేత చేయించేవారు, కళ్ళకి గంతలు కట్టుకుని పనులు చేయడం. ఎదుటి మనిషి కష్టం తెలిసొస్తుందని. సిస్టర్ చేత అది చేయిస్తాను. ఆవిడకి మనసు కరిగి తీరుతుంది. ఎలా ఉంది?

నీ
పిచ్చుక


ఒసేయ్ పిచ్చుకా,

నీ ఉత్తరం, పిండి బస్తా ఒకే వ్యానులో వచ్చాయి. ముందు ఉత్తరమే విప్పాను, కాబట్టి నీ మీద నాకెంత ప్రేమో అర్థం చేసుకో. ఫొటో కార్డు మాట చదివి నేను నవ్విన నవ్వుకి మా జోడీ గది లోంచి తొంగి చూశాడు.

ఈ జోడీ గురించి చెప్పలేదు కదా. ఇక్కడ ఏ లెక్కైనా ఇద్దరు చూడాలి, ఇద్దరూ ఒప్పుకుంటేనే కిందికి పంపాలి. నాతో పాటు చూసే ఈయన వచ్చిన కొత్తలో నాతో మాటే లేదు. నేను మహా మాటకారిని కదా, టీ ఇచ్చాను, యోగక్షేమాలు అడిగాను, నా జోకులన్నీ ఖర్చుపెట్టేశాను. గోడకి చెప్పినట్టే. చివరికి నోరు మూసుకుని, ఆయన గాలి వేగం కొలిచే గాలిమర దగ్గరికి వెళ్ళినప్పుడల్లా పక్కన నిలబడడం మొదలుపెట్టాను. అంతే. ఓ చలిరోజు తనంతట తనే, "ఆ మబ్బు నాకు నచ్చడం లేదు, మీకెలా ఉంది?" అన్నాడు. నాకు పద్యం చదివినట్టు వినిపించింది. ఆ సాయంత్రమే గాలివాన. కొండ మొత్తం గొంతెత్తి అరిచింది. మేమిద్దరం కిటికీ దగ్గర నిలబడి పిల్లల్లా చూశాం.

నీ గంతల ఉపాయం నాకు ఎందుకో మింగుడుపడడం లేదు. ఎందుకని అడిగితే చెప్పలేను. ఇంకా నీ మొహం కూడా చూడని మనిషి కళ్ళు నువ్వెలా కడతావే? ఆ తల్లినైనా అడిగావా? కొంచెం ఆగు. తొందరపడకు. నువ్వు పుట్టడమే తొందరపడి పుట్టావు, నాకు తెలుసు.

అత్త


అత్తా,

నీ ఉత్తరం అందేసరికే కొంప మునిగింది.

సిస్టర్‌ని ఎలా ఒప్పించానో నాకే తెలియదు. వార్డులో టీ తాగే వేళ, మిగతా నర్సుల ముందు అడిగాను. అందరూ చూస్తుంటే కాదనలేక, "సరే కట్టు చూద్దాం" అంది. కట్టు గుడ్డతో కళ్ళు కట్టాను. పాప కాదులే, నర్సులకి నేర్పే రబ్బరు బొమ్మ ఉంది కదా, దానికి గుడ్డ మార్చమన్నాను.

ముప్ఫై ఏళ్ళుగా రెప్పపాటులో చేసే పని. చెయ్యి వెతుక్కుంది. గుడ్డ మడత తిరగబడింది. పాల సీసాకి మోచెయ్యి తగిలి బల్లంతా పాలు. ఎవరో కుర్ర నర్సు కిసుక్కున నవ్వింది. ఆఖరికి బొమ్మ జారి నేల మీద పడింది. అత్తా, అది రబ్బరు బొమ్మేనని అందరికీ తెలుసు. అయినా ఆ చప్పుడికి వార్డంతా గప్‌చుప్ అయిపోయింది.

సిస్టర్ గంతలు తీసింది. మొహంలో రక్తం లేదు. "నేనే చేయలేకపోయాను. ఆమె ఎలా చేస్తుంది? నా కళ్ళు తెరిపించావమ్మా, థాంక్స్" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అంది. అదే నన్ను చంపింది. అప్పటిదాకా తన మాట మీద తనకే ఏ మూలో కొంత అనుమానం ఉండి ఉంటుంది. నేనే వెళ్ళి ఆ అనుమానాన్ని తుడిచిపెట్టి వచ్చాను. మర్నాడు డాక్టరు పిలిచి, సిస్టర్ వద్దనే రాసిందని చెప్పాడు.

ఆపరేటరమ్మకి వినబడకుండా ఉంటుందా? అంతా విన్నది. నేను వెళ్ళేసరికి పాపని గుండెల మీద పడుకోబెట్టుకుని ఉంది. కోప్పడుతుందనుకున్నాను. "కళ్ళు కట్టుకుంటే చూపు లేకపోవడం రాదమ్మా, భయం వస్తుంది. ఆవిడకి మీరు నా జీవితం చూపించలేదు, మొట్టమొదటి నిమిషం చూపించారు. నాకు ఆ నిమిషమే లేదు. నేను ఇలాగే పుట్టాను" అంది. తర్వాత, "నన్నొక మాట అడిగితే పోయేది కదా" అంది.

నా చదువంతా తీసుకెళ్ళి ఏ మురుక్కాల్వలోనో పారబోయాలనిపించింది. ఆమె బిడ్డని ఆమెకి కాకుండా చేసింది సిస్టర్ కాదు, నేను. ఈ ఉద్యోగానికి నేను తగను అత్తా. మేడంకి అదే చెబుదామనుకుంటున్నాను.

పిచ్చుక


పిచ్చుకా,

ఏడ్చావా? ఏడిస్తే అయిపోయింది, మొహం కడుక్కో. ఉద్యోగం మానేస్తే ఆ బిడ్డ ఇంటికెళ్తుందా? వెళ్తుందంటే మానెయ్. వెళ్ళదు కదా.

సిస్టర్ దగ్గరికి వెళ్ళు. పళ్ళూ బిస్కెట్లూ పట్టుకెళ్ళకు. ఆవిడ ముప్ఫై ఏళ్ళ పనితనాన్ని పదిమందిలో నవ్వులపాలు చేశావు, దానికి తప్పు ఒప్పుకో. 'కానీ' అన్న మాట నోట్లోంచి రానివ్వకు. తర్వాత ఆవిడకి దేనికి భయమో అడుగు. అడిగి ఊరుకో. సమాధానం నీ దగ్గర ఉన్నా చెప్పకు, అది నీకు బ్రహ్మాండమైన కష్టమని నాకు తెలుసు. ఆ భయాన్ని మోసుకెళ్ళి ఆ తల్లికి ఇవ్వు. జవాబు ఆమె దగ్గర ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

ఇంకొకటి. మీటింగుకి ముందే ఒక్కొక్కరినీ విడివిడిగా కలువు. అక్కడ కూర్చున్నాక ఎవరికీ ఏదీ కొత్తగా వినబడకూడదు. పదిమందిలో ఉలిక్కిపడ్డ మనిషి కాదనే అంటాడు. పాపం సిస్టరూ అంతే కదా.

మబ్బు దిగి మా గుమ్మం దాకా వచ్చింది. వ్యాను కదిలేలోపు ఇది ఇచ్చేయాలి.

నీ
అత్త


ప్రియమైన అత్తా,

వెళ్ళాను. డ్యూటీ మారే వేళ దిగిపోయే నర్సులు ఎక్కేవాళ్ళకి ఒక్కో బిడ్డ సంగతీ చెప్పి అప్పగిస్తారు. నువ్వు మీ జోడీ పక్కన నిలబడ్డట్టు నేనూ ఆ గుంపు చివర నిలబడ్డాను. అత్తా, ఎంత అద్భుతమో! ఈ బిడ్డ ఎడమవైపు తిరిగి పడుకుంటే ఊరుకుంటుందని, ఆ బిడ్డ తండ్రి వస్తే తల్లికి ధైర్యమని, ఈ బిడ్డ ఇవాళ మొదటిసారి తుమ్మిందని చెప్పుకుంటారు. ఒకరి తలలోంచి ఇంకొకరి తలలోకి ఒక్క చుక్క ఒలకకుండా పోస్తారు. రోజూ వెళ్ళాను. ఎవరూ పొమ్మనలేదు. ఒకరోజు పెద్ద సిస్టర్ నా వైపు చూడకుండానే ఒక ఫైలు నా చేతికిచ్చి, "పట్టుకో" అంది. నాకు పట్టాభిషేకం జరిగినట్టుంది.

ఆ రోజే చెప్పాను. "సిస్టర్, నలుగురిలో మీ చేత ఆ పని చేయించడం నా తప్పు." ఆవిడ చేతులు కడుక్కుంటూ, "ఊఁ" అంది. 'కానీ' నా నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. "మీకు దేనికి భయం?" అన్నాను. చాలాసేపు కడిగింది చేతులు. "జారిపడుతుందని కాదు. కళ్ళున్న తల్లుల చేతుల్లోంచీ జారతారు. నెలలు తక్కువ బిడ్డలు ఏడవరమ్మా. ఓపిక ఉండదు. పెదవి నీలంగా మారుతుంది, లేకపోతే ఒళ్ళు పాలిపోతుంది. ముందు రంగే మారుతుంది. ఇంటికి పంపాక ఆ రంగు ఎవరు చూస్తారు?" అంది.

నా దగ్గర పది సమాధానాలున్నాయి. పదీ మింగాను. కడుపు ఉబ్బిపోయింది.

ఆపరేటరమ్మ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె సర్రున లేస్తుందనుకున్నాను. తల ఊపింది. "ఆవిడ చెప్పింది నిజం. ఊపిరి మారితే నాకు తెలుస్తుంది. ఒళ్ళు కాలినా, పాలు తాగే ఊపు తగ్గినా తెలుస్తుంది. రంగు మారితే మాత్రం తెలియదు. రోజూ ఎవరైనా వచ్చి చూడాలి. ఇన్నాళ్ళూ అందరూ, చేయగలవా చేయగలవా అని అడిగారు. ఏది చేయలేవని ఒక్కరూ అడగలేదు. అడిగుంటే మొదటిరోజే చెప్పేదాన్ని" అంది.

ఈ మాటే ఆవిడకి చెబితే సిస్టర్ నన్ను తేరిపార చూసింది. "ఇల్లు చూడాలి" అంది.

ఆవిడ సెలవురోజున ముగ్గురం వెళ్ళాం, ఇళ్ళకి తిరిగే నర్సు కూడా వచ్చింది. పాపని వార్డులోనే ఉంచి, తల్లిని మాత్రం డాక్టరు అనుమతితో తీసుకెళ్ళాం. రెండో అంతస్తులో రెండు గదులు. మెట్లన్నీ ఎక్కేదాకా నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. తలుపు తెరుచుకోగానే ఆమె చెయ్యి వదిలించుకుంది, అక్కణ్ణించి మేమే ఆమె వెనక తడబడ్డాం. లైట్లు వేయడం గుర్తు రాలేదామెకి, మేమే స్విచ్చులు వెతుక్కున్నాం. పాప మంచం ఆమె మంచానికి తాడుతో కట్టి ఉంది. సీసాలకి ఒక్కోదానికి ఒక్కో రబ్బరు బ్యాండు, వేలు పెడితే ఏ పూటదో తెలుస్తుంది. బిడ్డ బట్టలన్నీ ముందువైపు బొత్తాలు కుట్టించి పెట్టింది. కుట్టింది కింది వాటాలో ఉండే టైలరమ్మ. మా అడుగుల చప్పుడు విని ఆవిడ పైకి వచ్చి, "పాప ఎప్పుడొస్తుంది?" అని మమ్మల్నే నిలదీసింది.

ఆపరేటరమ్మ నీళ్ళు కాచి, మోచేత్తో వేడి చూసి, వార్డు నుంచి మేము తెచ్చిన రబ్బరు బొమ్మకి స్నానం చేయించింది. ఎడమ చెయ్యి ఒక్కసారి కూడా బొమ్మని వదల్లేదు. ఆ చెయ్యి అక్కడుంటే కుడిచెయ్యి తిరిగి తిరిగి దాన్ని వెతుక్కుంటూ వస్తుంది. ఆ చేతులు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయత్తా. సిస్టర్ వైపు చూశాను. ఆవిడ తువ్వాలు అందించబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆమె తనే అందుకుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు చెప్పేది వింటే నీకూ గుండె జారుతుంది. మెట్లు దిగాక సిస్టర్ నాతో ఒక్క మాట అనకుండా బస్సెక్కి వెళ్ళిపోయింది. మర్నాడు డాక్టరు ఫోను చేశాడు. మీటింగు నెలాఖరుదాకా వద్దు, వెంటనే పెట్టండి అని సిస్టర్ పట్టుబట్టిందట. ఎందుకని అడిగితే, నాన్చితే లాభం లేదు అందట. నేను వార్డుకి పరిగెత్తాను. "మీటింగులో మాట్లాడదాం" అని పక్కకి తప్పుకుంది. శిశుగృహంలో ఇప్పుడే ఒక ఊయల ఖాళీ అయిందని మా మేడం చెప్పింది. దానికోసమే తొందరపడుతోందేమో అనిపిస్తోంది. మీటింగు రేపే. ఏం మాట్లాడాలో రాసుకుని అద్దం ముందు చదువుకుంటున్నాను. నీ జవాబు అందే వీల్లేదని తెలిసీ రాస్తున్నాను.

పిచ్చుక


ప్రియమైన అత్తా,

నా ఉత్తరం చదివి నువ్వక్కడ ఎంత కంగారుపడుతున్నావో అని ఇది వెంటనే రాస్తున్నాను.

పొడుగాటి బల్ల, ఎవరూ ముట్టని నీళ్ళ గ్లాసులు. ఆపరేటరమ్మ కూడా ఉంది. ఆమె గురించి మాట్లాడుతూ ఆమె లేకపోవడమేంటని ముందే అందరినీ ఒప్పించాను, ఆ ఒక్కటీ నేను సాధించాను. డాక్టరు ఇంకా గొంతు సవరించుకోకముందే పెద్ద సిస్టర్ లేచి నిలబడింది. ఆవిడ నిలబడి మాట్లాడటం ఎవరూ చూడలేదట.

"నేను వద్దని రాశాను. అది వెనక్కి తీసుకుంటున్నాను" అంది. "ఈమెకి పాపని పెంచడం వచ్చు. రంగు చూడటం రాదు. ఆ మాట ఆమే చెప్పింది. తనకి రానిది ఏదో చెప్పిన తల్లి ఈ వార్డులో నాకు ఇంతవరకు తగల్లేదు. రంగు మేం చూస్తాం."

ఇళ్ళకి తిరిగే నర్సు వెంటనే అందుకుంది, పొద్దుటిపూట తన వంతని. మధ్యలో టైలరమ్మ చూస్తుందని, ఏ రంగు కనబడితే ఎవరికి ఫోను చెయ్యాలో ఆవిడకి నేర్పేశామని చెప్పింది. సాయంత్రం ఎవరని మా మేడం అడిగింది. "నేను" అంది సిస్టర్. "మూడు నెలలపాటు పగలు డ్యూటీలే వేయమన్నాను, సరే అన్నారు. దిగి ఇంటికి వెళ్తూ చూసి వెళ్తాను. వచ్చే నెల డ్యూటీలు ఈ వారమే రాసేస్తారు, అందుకే మీటింగు ముందుకు జరపమన్నాను."

అందుకటత్తా! నేను ఆ ఊయల కోసమేననుకుని భయంతో చచ్చిపోయాను.

మేడం, పని వేళ దాటాక ఇలా వెళ్ళొచ్చా అని సందేహపడింది. "ఇంటికి పోతూ నేను ఏ వీధిలోంచి పోతానో ఎవరికి చెప్పాలి?" అంది సిస్టర్. డాక్టరు నవ్వేసి, వార్డు తరఫున చూడటానికి పంపుతున్నామని తన చేత్తో రాసి సంతకం పెట్టాడు. అక్కడ నాకూ మేడంకీ తప్ప ఎవరికీ ఏదీ కొత్తగా లేదు, గమనించావా? డాక్టరుకి తెలుసు, నర్సుకి తెలుసు, టైలరమ్మకి తెలుసు, తల్లికి కూడా తెలుసు. ఆవిడ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి అన్నీ ముందే మాట్లాడేసింది. ఉలిక్కిపడ్డది మేమిద్దరమే. నాకెందుకు చెప్పలేదని తర్వాత అడిగాను. "చెబితే నువ్వు అందరికీ చెప్తావు. డ్యూటీలు ఖాయం కాకుండా ఆ తల్లికి ఆశపెట్టడం నాకిష్టం లేదు" అంది. తల్లికి కూడా మీటింగుకి వచ్చే ముందే, గుమ్మం దగ్గర చెప్పిందట.

ఆఖర్న డాక్టరు నా వైపు తిరిగి, "మీరేమైనా చెప్తారా?" అన్నాడు. అద్దం ముందు చదివిన కాగితాలు చేతిలోనే ఉన్నాయి. "ఏం లేదండీ" అన్నాను. జీవితంలో ఇంత తక్కువ మాట్లాడి ఇంత సంతోషపడ్డది ఇదే మొదలు.

ఇవాళ పాపని ఇంటికి తీసుకెళ్ళాం. కారులో ఆపరేటరమ్మ వేలితో పాప చెవిని నిమురుతూనే ఉంది. తలుపు తెరిచాక, లోపలికి వెళ్ళకుండా గుమ్మంలోనే ఆగింది. దుప్పటి పక్కకి జరిపి పాప మొహం నావైపు తిప్పింది.

"రంగెలా ఉంది?" అంది.

ఆ వార్డులో నేను ఇన్నాళ్ళు తిరిగాను కానీ, పాపని అంత నిదానంగా ఎప్పుడూ చూడలేదు. పెదవులు చూశాను, చెవి తమ్మెలు చూశాను, ఆ గోళ్ళు ఒక్కొక్కటీ చూశాను. ఒక మనిషి తన బిడ్డ ప్రాణం గురించి నా కళ్ళని అడుగుతోంది.

"లేత గులాబీ రంగండీ, పెదవులు కొంచెం ఎర్రగా..."

"గులాబీ అంటే నాకేం తెలుసు? బాగుందా లేదా, అది చెప్పండి."

"బాగుందండీ. చాలా బాగుంది."

"అయితే ఇక వెళ్ళండి, పాల వేళైంది" అని తలుపు వేసేసుకుంది.

నేను వెళ్ళకుండా ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను. లోపల ఆమె పాపతో ఏదో అంటోంది. సాయంత్రం కావస్తోంది, కింద వీధి చివర సిస్టర్ బస్సు దిగి, చేతిసంచీ భుజాన సర్దుకుంటూ ఇటే వస్తోంది.

ఇంకా మెట్ల మీదే కూర్చుని ఇది రాస్తున్న,
నీ పిచ్చుక